సర్వరు పునరుద్ధరణము

“సర్వరు పనిచేయుట లేదు, రేపు రండు” అను మాట కచేరీల వాకిట నిలుచు ప్రజలకు క్రొత్తది కాదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశమున 1998లో కార్డు పథకముతో రిజిస్ట్రేషను పని కంప్యూటర్ల కెక్కినది. 1983 మొదలుకొని జరిగిన లావాదేవీలకు ఈసీ నేడు ఇంటర్నెట్టు మూలముననే లభించుచున్నది. తన పొలముపై తాకట్టు లేదని చూపుకొనుటకు డెల్టా రైతు చేయి చాచునది ఈ సర్వరు వైపునకే. కావున దాని క్షేమము సాంకేతికులకే విడువదగిన విషయముగా మేము తలంపము. 2022 ఏప్రిల్ 4వ తేదీన మన కొవ్వూరు పశ్చిమ గోదావరి జిల్లాను విడిచి తూర్పు గోదావరిలో చేరినది. జిల్లా మారినంత మాత్రమున దస్తావేజు మారదు. యంత్రము మారినప్పుడును అట్లే ఉండవలెను.

ఆపరేటింగు సిస్టమును మార్పనేల, పాతదే సాగనిండు అను వారు కలరు. ఈ వాదము నిలువదు. విండోస్ సర్వర్ 2012నకు తయారీదారు సాధారణ రక్షణ సవరణలు 2023 అక్టోబరుతో ముగిసినవి. సవరణలు లేని యంత్రము తలుపు లేని ధాన్యపు కొట్టు వంటిది. 2017 మే నెలలో వానాక్రై అను దుష్ట ప్రోగ్రాము ప్రపంచమునెల్ల చుట్టి, మన రాష్ట్రపు పోలీసు కంప్యూటర్లను గూడ కొన్నిటిని పట్టినది. మార్పు తప్పదు, మార్చు పద్ధతియే విచారింపదగినది.

మార్పు జరిగిన మరునాడు సర్వరు పలుకదు. సమాచారము నశించినదని కచేరి యంతయు గగ్గోలు పడును. పెక్కు సమయములందు సమాచారము డిస్కులోనే పదిలముగా నుండును. డేటాబేసు ప్రోగ్రాము క్రొత్త సిస్టముతో పొసగకపోవచ్చును. ఫైళ్లను తెరచు అనుమతులు మారియుండవచ్చును. క్రొత్త ఫైర్‌వాలు దారి మూసియుండవచ్చును. సర్వరు చిరునామా మారుటచే తక్కిన కంప్యూటర్లు దానిని గుర్తింపకపోవచ్చును. ఇవి చూడక, తొందరపడి ఉన్న డిస్కుపైననే పాత నకలును వ్రాయుట మహాప్రమాదము. ముందుగా డిస్కును ఉన్నదున్నట్లు ప్రతి తీయవలెను. పిదప మరియొక యంత్రముపై, పాత వెర్షనుతోనే నకలును నిలిపి, పద్దుల సంఖ్య సరిచూచి, నకలు తీసిన తరువాత చేరిన నమోదులను లాగు ఫైళ్లనుండి చేర్చవలెను. అటుపిమ్మటనే ప్రజలకు తెరువవలెను.

నకలున్నదను ధైర్యము మాత్రము చాలదు. 2017 జనవరి 31న గిట్‌ల్యాబు సంస్థలో ఒక ఉద్యోగి పొరపాటున అసలు డేటాబేసును తుడిచివేసెను. నకళ్లకై ఆ సంస్థ ఏర్పరచుకొన్న పద్ధతులు అక్కర వేళ ఒకటొకటిగా విఫలమయ్యెను. ఆరు గంటల క్రిందట అదృష్టవశమున తీసిన ప్రతియొకటి వారిని కాపాడినది. ఆ ఆరు గంటల సమాచారము మాత్రము తిరిగి రాలేదు. ప్రజల ఆస్తులను అదృష్టమునకు వదలవచ్చునా?

గోదావరి గట్టున నివసించు మనకు ఇందలి నీతి వంతెనలే చెప్పుచున్నవి. 1900లో తెరచిన హేవ్‌లాకు వంతెన, 1974లో రెండవ వంతెన వచ్చిన పిదపను రెండు దశాబ్దములకు పైగా రైళ్లను మోసి, 1997లో విశ్రమించినది. క్రొత్తది వచ్చిన నాడే పాతదానిని ఎవరును కూల్చలేదు.

కావున మేము కోరునవి మూడు. మార్పునకు ముందే నకలును వేరు యంత్రముపై నిలిపి చూచి, చూచిన తేదీని బాధ్యుడైన యధికారి సంతకముతో నమోదు చేయవలెను. క్రొత్తది నిలకడగా నడచుచున్నదని తేలువరకు పాత సర్వరును ముట్టరాదు. సేవ నిలుచు దినములను ముందుగా ప్రకటించి, ఆ దినములలో వచ్చినవారికి వేళ వ్రాసి చేతిరసీదు ఇయ్యవలెను. దస్తావేజును వ్రాసిన నాలుగు నెలలలో దాఖలు చేయవలెనని 1908 నాటి రిజిస్ట్రేషను చట్టము సామాన్యముగా విధించుచున్నది. గడువు చివర వచ్చిన పేదవాడు యంత్రదోషమునకు జరిమానా చెల్లించుట న్యాయము కాదు.

ఈ మూడింటికిని పెద్ద ధనము పట్టదు, శ్రద్ధ పట్టును. చేతులు కాలిన పిదప ఆకులు వెదకు అలవాటును మన కచేరీలు ఇకనైనను మానునని ఆశించుచున్నాము. నకలు ఉన్నదని చెప్పు అధికారిని, “నిలిపి చూచితిరా?” అని అడుగుట ఇకమీదట ప్రతి పౌరుని విధి.