వినే చెవిని కాపాడుకొందాం



తిరుపతిలో చదువుకునే పిల్లవాడు సెలవులకు ఇంటికి వచ్చి, కంప్యూటరు ఆటలకు వైరు లేని హెడ్‌సెట్ కావాలని అడిగితే తల్లిదండ్రులు ఏమి చూడాలి? మూడు సంగతులు చెబుతాను.

మొదటిది, సుఖము. దుకాణములో ఒక నిమిషము కాదు, పావుగంట పెట్టుకొని చూడనివ్వండి. నెత్తిమీద బరువు, చెవులచుట్టూ బిగువు అప్పుడే తెలుస్తాయి. మన చిత్తూరు సీమ ఎండలకు రెక్సిన్ మెత్తలకంటే గుడ్డ మెత్తలు మేలు, చెమట తక్కువ.

రెండవది, శబ్దము. బ్లూటూత్‌లో శబ్దము బొమ్మకంటే కొంచెము వెనుకబడవచ్చు. కంప్యూటరుకు పెట్టే చిన్న 2.4 గిగాహెర్ట్జ్ డాంగిల్‌తో వచ్చేదైతే ఆ ఆలస్యము చాలా తక్కువ.

మూడవది, అన్నిటికంటే ముఖ్యమైనది, కాలము. సుఖముగా ఉన్నదానిని పిల్లలు త్వరగా తీయరు. 80 డెసిబెల్స్ శబ్దమును పెద్దలు వారానికి 40 గంటలు వినవచ్చునని, 90 అయితే 4 గంటలేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. పిల్లలకు ఇంకా తగ్గించాలి. లోపలి చెవిలో శబ్దమును పట్టే సన్నని కణములు చస్తే మరల పుట్టవు. పోయిన వినికిడిని ఏ ధరకూ కొనలేము.

షిలోహులో బాలుడైన సమూయేలు రాత్రివేళ పిలుపు విని వెంటనే లేచాడు. అమ్మ అన్నానికి పిలిచినప్పుడు మన బిడ్డలకు వినబడుతోందా? హెడ్‌సెట్ కొనే రోజే గంటలు కూడ నిర్ణయించండి. కుటుంబ ప్రార్థన వేళ అది బల్లమీదనే ఉండాలి.

ప్రభువు మీ గృహములను దీవించును గాక. ఆమేన్.