ఎవరి జోలికిని పోని మంచివాడు

మన తెలుగువారిలో ఒక గృహస్థును మెచ్చుకొనవలసివచ్చినప్పుడు నోటికి మొదట వచ్చు మాట యొకటి కలదు: "చాల మంచివాడండీ, ఎవరి జోలికిని పోడు, తన పనియేదో తాను చూచుకొనును." పిల్లకు సంబంధము విచారించునప్పుడు ఇదే మాట. ఇల్లు అద్దెకిచ్చునప్పుడు ఇదే మాట. కాలము చేసిన పెద్దమనిషిని తలచుకొనునప్పుడును ఇదే మాట. ఈ ప్రశంసను విన్నవారెవ్వరును శంకింపరు. మేము శంకించుచున్నాము. ఎవరి జోలికిని పోకుండుట సాధుత్వము కావచ్చును గాని, పౌరత్వము మాత్రము కానేరదు. ఇంకొక యడుగు ముందునకు వేసి చెప్పుదుము: మన యూళ్లలోను పట్టణములలోను దుర్మార్గులు చేయుచున్న వ్యాపారమునకు ఈ మంచివారి మౌనమే పెట్టుబడి.

'పౌరుడు' అను శబ్దమును మనము సంస్కృతమునుండి తెచ్చుకొంటిమి. పురమునకు చెందినవాడు పౌరుడు. పురములో కాపురముండుట మాత్రమే దీని యర్థమైనచో మన పెరటిలోని కాకియు, వంటింటిలోని పిల్లియు పౌరులే కావలసివచ్చును. ప్రాచీన గ్రీసుదేశమున సొంత వ్యవహారములతోడనే కాలము గడపువానిని 'ఇడియోటేస్' అనుచుండిరి. ఆ శబ్దమే లాటిను, ఫ్రెంచి భాషలమీదుగా ఆంగ్లమున ప్రవేశించి 'ఇడియట్' అయినది. మూఢుని తిట్టుటకు నేడు మన బడిపిల్లలు సయితము వాడుచున్న మాట మొదట తన పని తాను చూచుకొను పెద్దమనిషికి చెల్లిన పేరు!

ఇది పరదేశపు భావమని తోసివేయుటకు వీలులేదు. దేవఋణము, ఋషిఋణము, పితృఋణము అని మూడు ఋణములను మన పెద్దలు తఱచుగా చెప్పుదురు. శతపథబ్రాహ్మణము నాలుగవదానినిగూడ పేర్కొన్నది. అది తోడి మనుష్యులకు తీర్పవలసిన ఋణము. ఇంటికి వచ్చినవారికి వసతియు అన్నమును ఒసగుటచే అది తీరునని ఆ గ్రంథము చెప్పినది. నేడు మనము తోడివారితో పంచుకొనునది అన్నము మాత్రమే కాదు. నీటికుళాయి, వీధిదీపము, బడి, ఆసుపత్రి, మురుగుకాలువ, ఓటు, ఇవన్నియు పంపకపు సొత్తులే. ఋణము పెరిగినది. తీర్చు బుద్ధియే తరిగినది. మూడు ఋణములను జ్ఞాపకముంచుకొని నాలుగవదానిని మఱచుట మన సౌకర్యమునకై మనము చేసికొన్న సవరణ.

మన రాజ్యాంగము ఈ విషయమున ఏమనుచున్నదో చూతము. 1976లో నలువది రెండవ సవరణచే 51-ఎ అధికరణము చేర్చబడి, పది ప్రాథమిక విధులు ఏర్పడినవి. 2002లో ఎనుబది యాఱవ సవరణచే పదునొకండవది చేరినది. ఆఱు మొదలు పదునాలుగేండ్లవఱకు వయసుగల బిడ్డకు చదువుకొను అవకాశము కల్పించుట తలిదండ్రుల విధి యని దాని తాత్పర్యము. మొదటి పది విధులును అత్యవసర పరిస్థితి కాలమున, హక్కులకు తాళము పడియున్న దినములలో పుట్టినవి. కావున విధి యనగా విధేయత యనియు, ప్రభుత్వము చెప్పినట్లు నడుచుకొనువాడే మంచి పౌరుడనియు పలువురకు ఒక భ్రమ యేర్పడినది.

ఆ పట్టికను నిదానముగా చదివినవారికి ఈ భ్రమ నిలువదు. శాస్త్రీయ దృష్టిని, జిజ్ఞాసను, సంస్కరణశీలమును పెంపొందించుకొనుమని అందున్నది. జిజ్ఞాస యనగా తెలిసికొనగోరుట. ప్రశ్న యడుగనివాడు ఆ విధిని ఎట్లు నెఱవేర్చును? స్త్రీల గౌరవమునకు భంగకరములైన ఆచారములను విడనాడుమని అందున్నది. పక్కయింట కట్నముకొఱకు కోడలిని వేధించుచుండగా "మనకెందుకు" అని కిటికీ మూసికొనువాడు ఆ ఆచారమును విడనాడినవాడా, కాపాడుచున్నవాడా? పన్ను చెల్లించుటను గూడ విధులలో చేర్పవలయునని స్వరణ్ సింగు సంఘము సూచించినను అది చేరలేదు. ఓటు వేయుటయు పట్టికలో లేదు. ఉన్న విధులను మీరినంతమాత్రమున ఈ యధికరణము ఎవరికిని శిక్ష విధింపదు. ఇక భారమంతయు మన మనస్సాక్షిమీదనే పడినది.

బడులలో మేము ఈ పదునొకండు విధులను పిల్లలచే వల్లె వేయించుచున్నాము. తప్పులేకుండ వ్రాసినవానికి నిండు మార్కులిచ్చుచున్నాము. ఆ పిల్లవాడు ఇంటికి పోయి, పెద్దన్నకు రావలసిన కట్నమును గూర్చి తండ్రి బేరమాడుచుండగా వినును. ఏ పాఠము నిలుచునో చెప్పనక్కఱలేదు.

ఎవరి జోలికిని పోనివాడు ఎవరికిని కీడు చేయడుగదా యని కొందఱందురు. అదియైనను నిజమేనా? ఆయన యింటి సెప్టిక్ ట్యాంకు నిండినది. యంత్రముగల బండిని పిలిపించుటకు నాలుగు రూకలు ఎక్కువగునని, ఒక కూలివానిని పిలిపించి, బేరమాడి, లోనికి దింపును. లోపల ప్రాణవాయువుండదు. కుళ్లినదానినుండి పుట్టిన విషవాయువు నిలిచియుండును. దిగినవాడు క్షణములలో స్పృహ తప్పును. అతనిని పైకి తీయబోయి దిగిన రెండవవాడును పడిపోవును. మనుష్యునిచే ఇట్టి ప్రమాదకరమైన పని చేయించుట 2013 నాటి చట్టము ప్రకారము నేరము. మొదటి తప్పునకే రెండేండ్లవఱకు చెఱసాలయో, రెండు లక్షల రూపాయలవఱకు జుల్మానాయో, రెండునో విధింపవచ్చును. ఇట్లు మురుగుగుంతలలో చనిపోయినవారి కుటుంబమునకు 10 లక్షలు చెల్లింపవలయునని సుప్రీముకోర్టు 2014లో ఆజ్ఞాపించినది. 2023 అక్టోబరులో ఆ మొత్తమును 30 లక్షలకు పెంచినది. ఇంచుమించు పదేండ్లు గడచినను కోర్టు అదే విషయమును మరల విచారింపవలసివచ్చెననగా, చావులు ఆగలేదనియే గదా యర్థము! లోనికి దిగినవాని కులమేదో మన చదువరులు అడుగకయే యెఱుగుదురు. దింపినవాడు మాత్రము పోలీసులయెదుటను "నేనెవరి జోలికిని పోనివాడను" అనియే చెప్పుకొనును. అతడు తన పని తాను చూచుకొన్నాడు. ఆ పనియే యొకని ప్రాణము తీసినది.

ఇక ఓటు సంగతి. మన చదువుకొన్నవారు నలుగురు చేరినచో, పల్లెలలో బీదలు నోటు పుచ్చుకొని ఓటు వేయుచున్నారనియు, అందుచేతనే దేశము చెడిపోయినదనియు నిట్టూర్చుట పరిపాటి. ఓటుకు సొమ్మిచ్చుట నేరము, పుచ్చుకొనుటయు నేరమే. భారత శిక్షాస్మృతిలో ఉన్న ఈ నిషేధము 2024 జూలై 1 నుండి అమలులోనికి వచ్చిన భారతీయ న్యాయసంహితలోను ఉన్నది. అమ్ముకొన్నవానిని మేము సమర్థింపము. కాని తీర్పు చెప్పుచున్న యీ పెద్దలు ఆనాడు ఎక్కడనుండిరి? 2020 డిసెంబరు 1న హైదరాబాదు మహానగరపాలక సంస్థకు ఎన్నికలు జరిగినవి. కళాశాలలకును కచేరీలకును కొదువలేని ఆ నగరమున ఓటర్లలో సగము మందియైనను పోలింగు కేంద్రములకు రాలేదు. 2022 నవంబరులో నల్లగొండ జిల్లా మునుగోడు ఉపయెన్నికలోనో, నూటికి తొంబదిమందికి పైగా వరుసలలో నిలిచి ఓటు వేసిరి.

లెక్క చిన్నది. నూర్గురు ఓటర్లున్నచోట అందఱును వచ్చినచో గెలువగోరువాడు ఏబది యొక్కరిని సంపాదింపవలయును. ఏబదిమంది ఇంట గూర్చున్నచో ఇరువది యాఱుగురు చాలుదురు. ఓట్లను కొనువానికి ఖర్చు సగము తగ్గించినదెవరు? బీదవాడు ఓటును ఒకనాటి కూలికి అమ్మినాడు. చదువరి తన ఓటును అదే వ్యాపారికి ఉచితముగా సమర్పించి, పైగా అమ్మినవానిని దూషించుచున్నాడు. యోగ్యుడైన అభ్యర్థి లేడందురా? 2013లో సుప్రీముకోర్టు తీర్పుచే శాసనసభ, లోకసభ యెన్నికల యంత్రములమీద 'పైవారెవరును కారు' అను మీటయు వచ్చినది. ఆ సాకు పనికిరాదు.

"ఒక్కరివలన ఏమగును?" అని మఱికొందఱి ప్రశ్న. ఒక్కరివలన కొంచెమే యగును. అయితే ఒక్కరుగా ఉండుమని వారిని నిర్బంధించినదెవరు? మన ప్రాంతపు చరిత్రనే చూడుడు. చీరాల పేరాలలను పురపాలకసంఘముగా చేసి పన్నులు పెంచినప్పుడు, ఆ భారమును మోయలేమని అచటి ప్రజలు చెప్పుకొనిరి. ప్రభుత్వము వినలేదు. 1921లో దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి నాయకత్వమున పదుమూడువేలకు మించిన జనము ఊరు విడిచి, వెలుపల రామనగరమను పేర పాకలు వేసికొని, ఇంచుమించు పదునొకండు నెలలు ఎండకును వానకును ఓర్చుకొని తమ వ్యవహారములను తామే నడుపుకొనిరి. తుదకు తిరిగి రావలసియే వచ్చినది. కోరినది దొరకలేదు. అయినను ఆనాడు ఇల్లు విడువని జాగ్రత్తపరుల పేర్లు ఎవరికిని తెలియవు. ఇల్లు విడిచినవారి కథను నూరేండ్లు దాటినను చెప్పుకొనుచున్నాము.

నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీల కథ ఇంకను సమీపకాలపుది. అక్షరాస్యతోద్యమమున రాత్రిబడులలో అక్షరములు దిద్దుకొన్న కూలిపడతులు వారు. తమ వాచకములోని ఒక పాఠమును చదివి, తమ యిండ్లలోని సారాను గూర్చి ఆలోచించిరి. 1992లో సారాదుకాణములకు అడ్డుపడిరి. ఆ యుద్యమము రాష్ట్రమంతట ప్రాకి 1993లో సారా నిషేధమునకును, 1995లో సంపూర్ణ మద్యనిషేధమునకును దారి తీసినది. మన పట్టభద్రులు ఇరువదేండ్లు చదివి నేర్వనిదానిని వారు కొలది నెలల చదువుతో నేర్చిరి. భర్త త్రాగుడు తన యింటి గుట్టుగదా యని వారు ఊరకుండలేదు. పరుల జోలికి పోరాదను నీతిని పాటించియున్నచో ఆ దుకాణములు మూతపడియుండునా? 1997లో ఆ మద్యనిషేధమును ప్రభుత్వము సడలించిన మాటయు నిజమే. ఖజానాకు రాబడి కావలసివచ్చినది. సాధించినదానిని కావలి కాచుటయు పౌరుల పనియేయని దీనివలన తెలియుచున్నది.

ఇన్ని చెప్పినను మిగులునది వెఱపు. దీనిని మేము ఎగతాళి చేయము. సమాచారము కోరి అక్రమములను బయటపెట్టినవారిలో ఈ దేశమున కొందఱు ప్రాణములనే కోల్పోయిరి. పిల్లలుగలవాడు వెనుదీయుట సహజము. అయితే ఆ చావులను పరికించినచో ఒక్క సంగతి తెలియును. అడిగినవాడు ఒంటరిగా అడిగినాడు. అదే ప్రశ్నను ఇరువదిమంది ఇరువది యర్జీలతో అడిగియున్నచో ఎవరిని బెదరించిన ప్రశ్న ఆగును? వెఱపు మనలను ఇంటిలో కూర్చుండుమనుటలేదు, గుంపుగా పొమ్మనుచున్నది. ధైర్యముగల ఒకనిని ముందుకు త్రోసి, అతడు దెబ్బ తిన్నపిమ్మట సంతాపసభకు మాత్రము వచ్చువారిని ఏమనవలయునో చదువరులే నిర్ణయింతురుగాక.

చేయదగిన పనులు దూరమున లేవు. 1993 ఏప్రిలు 24న అమలులోనికి వచ్చిన డెబ్బది మూడవ సవరణచే గ్రామసభకు రాజ్యాంగమున స్థానము లభించినది. ఊరి ఓటర్ల జాబితాలో పేరున్న ప్రతివారును దానికి సభ్యులే. ఎవరును మనలను ఎన్నుకొననక్కఱలేదు. పోయి కూర్చుండి, లెక్క చదువుమని యడిగినచాలును. 2005 అక్టోబరు 12న అమలులోనికి వచ్చిన సమాచారహక్కు చట్టముచే, పది రూపాయల రుసుముతో ఒక కాగితము వ్రాసిన సామాన్యునికి ముప్పది దినములలో అధికారి బదులు చెప్పవలయును. 2009 నాటి విద్యాహక్కు చట్టము ప్రకారము ప్రభుత్వ, ఎయిడెడ్ పాఠశాలల యాజమాన్యసంఘములలో నాలుగింట మూడు వంతులు తలిదండ్రులును సంరక్షకులును, సగము మంది స్త్రీలును ఉండవలయును. రిజిష్టరులో వ్రేలిముద్రయో సంతకమో చేసి లేచిపోవుటకు కాదు, పిల్లల కూడును చదువును పరీక్షించుటకే వారికి ఆ స్థానము. తమ బిడ్డలను వేఱొక బడికి పంపుకొను కలవారు సయితము సంతకము చేయు తల్లికి కాగితము చదివి వినిపింపవచ్చును. అది ఎవరి జోలికో పోవుట కాదు, నాలుగవ ఋణమును తీర్చుట.

ఈ పత్రికను చదువు గృహములలో పురుషులు, స్త్రీలు, ఎదిగిన పిల్లలు ఒకచోట కూర్చుండి మూడు ప్రశ్నలు వేసికొందురుగాక. మన వార్డునకు ప్రతినిధి యెవరు, ఆయనను మనము కడపటిసారి ఏమి అడిగితిమి? మన యింటి మురుగు ఎక్కడికి పోవుచున్నది, దానిని ఎవరి చేతులు ఎత్తుచున్నవి? మన వీధిలో అన్యాయము జరుగుచున్నదని తెలిసియు మనము మూసికొన్న కిటికీ యేది? బదులు తెలియనిచో ఈ నెలలోనే తెలిసికొనవలయును. తెలిసినపిమ్మట పొరుగింటి తలుపు తట్టి, వారినిగూడ వెంటబెట్టుకొని పోవలయును.