ఇనుప దండెం తీసెయ్యుండ్రి, యాప్ మిషన్ సంగతి తర్వాత

పోస్టు జర పొడుగే ఉన్నది. నాట్లు అయిపోయినయి, బయట ముసురు పట్టింది, కూసోని చదువుకోండ్రి.

ఈసారి వడ్ల గురించి కాదు, చెరుకు గురించి కాదు. బట్టలు ఆరేసుకునుడు గురించి. నవ్వకుండ్రి.

2022 జులైలో, ఇట్లాంటి వానల్లోనే, మన పాత జిల్లాలోని కామారెడ్డిల, బీడీ కార్మికుల కాలనీల ఒకే ఇంట్ల నలుగురు పోయిండ్రు. మొగడు, పెండ్లాం, ఇద్దరు పిల్లలు. బట్టలు ఆరేసే తీగకు కరెంటు వచ్చింది. అప్పుడు రెండు రోజులు అందరం మాట్లాడుకున్నం. తర్వాత ఎవల దండెం వాళ్లదే. ప్రతి వానకాలం ఏదో ఒక ఊరి నుంచి ఇదే వార్త పేపరు లోపలి పేజీల చిన్నగా వస్తది. దాని పక్కనే సగం పేజీ స్మార్ట్ వాషింగ్ మిషన్ అడ్వర్టైజ్‌మెంట్ ఉంటది. నా కోపం ఆ రెండింటి నడుమ ఉన్నది.

ముందు దండెం సంగతి. మన ఇండ్లల్ల ఏం చేస్తం? ఇనుప తీగ గట్టిగ ఉంటది, సాగదు, తడి చద్దర్లు వేసినా దిగదు అని కడతం. ఒక కొన రేకుల షెడ్డు పైపుకు, ఇంకో కొన మీటరు దగ్గరి మొలకు. స్తంభం మీద నుంచి వచ్చే సర్వీసు వైరు అదే రేకుల మీద ఆనుకొని ఉంటది. పదేండ్ల ఎండకు దాని తొడుగు పగిలిపోతది. ఎండకాలం అంతా ఏమీ కాదు. వాన పడి రేకులు, గోడ, తీగ అన్నీ తడిసిన దినం, ఆడమనిషి తడి చేతులతోటి, చెప్పులు లేని కాళ్లతోటి తడి చీర వేస్తది. ఆమె పట్టుకపోయిందని మొగడు ఉరుకుతడు, ఆయనను పట్టుకోబోయి పిల్లలు. ఇట్లనే ఒకరి వెనుక ఒకరు పోతరు. పట్టుకున్నోళ్లను చేతులతోటి ముట్టుకోవద్దు, ముందు మెయిన్ ఆపాలె, అది అందకపోతే ఎండిన కట్టెతోటి దూరం కొట్టాలె. ఈ మాట బడి పిల్లలకు కూడ తెలిసి ఉండాలె.

ఇప్పుడు చాలా మంది అంటరు, "మా ఇంట్ల ఎంసీబీ ఉన్నది కదా, అదే పడిపోతది." పడదు తమ్మీ. ఎంసీబీ వైరును కాపాడుతది, మనిషిని కాదు. పదహారు యాంపుల ఎంసీబీ అంటే అంతకంటె ఎక్కువ లోడు పడ్డప్పుడు, లేకుంటే షార్ట్ అయినప్పుడు పడుతది. మనిషి పాణం తియ్యడానికి ఒక యాంపుల పదో వంతు చాలు. అది ఎంసీబీకి లెక్కల్నే లేదు. మనిషిని చూసేది వేరే ఉన్నది, దాన్ని ఆర్‌సీసీబీ అంటరు. ఇంట్లకు పోయిన కరెంటు, తిరిగి వచ్చిన కరెంటు రెండూ సరిపోయినయా లేదా అని అది ఎప్పటికీ తూకం వేస్తనే ఉంటది. 30 మిల్లీయాంపుల తేడా కనపడ్డదంటే, ఆ తేడా ఎవలి ఒంట్ల నుంచో, ఏ గోడ నుంచో భూమిలకు పోతున్నదని సెకనులో మూడో వంతు కూడ కాకముందే ఆపేస్తది. రెండు మూడు వేలల్ల అయిపోయే సామాను. మీద టెస్ట్ బటన్ ఉంటది, నెలకోసారి ఒత్తి చూడాలె, టప్పున పడిపోతే మంచిగున్నట్టు.

అయితే ఒకటి గుర్తు పెట్టుకోండ్రి. మీటరు కంటె ముందున్న సర్వీసు వైరే వచ్చి దండానికి తగిలితే ఇంట్ల ఉన్న ఆర్‌సీసీబీ కూడ ఏం చెయ్యలేదు, కరెంటు దాంట్ల నుంచి పోనే పోదు కాబట్టి. అందుకే ఇనుప తీగ తీసెయ్యాలె, నైలాన్ తాడు కట్టాలె, అది కూడ సర్వీసు వైరుకు దూరంగ. తొడుగు పగిలిన వైరు కనపడితే 1912కు ఫోన్ కొట్టి రాయించుండ్రి, లైన్‌మన్ కనపడ్డప్పుడు నోటిమాటగ చెప్పి ఊకుండకుండ్రి.

ఇగ రెండో సంగతి. మొన్న నిజామాబాద్ టౌనుకు పోయినప్పుడు బిడ్డ, అల్లుడు మిషన్ చూద్దామంటే నేనూ ఎంట పోయిన. ఉతుకుడు, ఆరబెట్టుడు రెండూ ఒక్కదాంట్లనే. వానకాలం దండెమే అక్కర్లేదన్నరు. మంచిదే కదా అనుకున్న. చంటి పిల్ల ఉన్న ఇల్లు, ముసురుల బట్టలు ఎట్ల ఆరుతయి? మిషన్లను వద్దనేటోన్ని కాదు నేను, కోత మిషన్ రాకముందు కొడవండ్లతోటి ఎన్ని దినాలు పట్టేదో నాకు యాదికున్నది.

షాపుల పిలగాడు మొదలు పెట్టిండు. దీంట్ల సేఫ్టీ ఉన్నది సార్, వైఫై ఉన్నది, ఫోన్ల యాప్ వేసుకోవాలె, ఏదన్న ప్రాబ్లం వస్తే ఫోనుకే మెసేజ్ వస్తది అని. నేను ఒకటే అడిగిన: "బాబూ, ఇది బాగా వేడెక్కింది అనుకో. ఇంట్ల నెట్ లేదు. అప్పుడు దాన్ని ఆపేది ఎవరు?" పిలగాడు ఓనర్ దిక్కు చూసిండు.

జవాబు నేనే చెప్తున్న. ఆపేది లోపల ఉన్న థర్మోస్టాట్. వేడి హద్దు దాటితే అది హీటర్‌ను బంద్ చేస్తది. అది పని చెయ్యకపోతే దాని వెనుక ఇంకోటి ఉంటది, వేడికి తెగిపోయేది. మన పాత ఫ్యూజు అసొంటిదే, ఒక్కసారి తెగితే మళ్ల కొత్తది వేసే దాకా హీటర్‌కు కరెంటు పోదు. మూతకు ఒక స్విచ్ ఉంటది, మూత తెరిస్తే డ్రమ్ము తిరగదు. బట్టల నుంచి రాలే నూగు జమయ్యే మిషన్లల్ల దానికి ఒక జాలి ఉంటది, ఎప్పటికప్పుడు తీసి దులపాలె. అసలు ప్రమాదం ఆ నూగుతోటే. షక్కర్‌నగర్ ఫ్యాక్టరీ 2015 డిసెంబర్‌ల మూతపడక ముందు చెరుకు పిప్పి కుప్పలు చూసినోళ్లకు ఎక్కువ చెప్పే పని లేదు. ఎండిన పిప్పికి నిప్పురవ్వ చాలు. బట్టల నూగు అంతకంటె తేలిక.

ఈ రక్షణల్ల ఒక్కదానికన్న మీ ఫోన్ నంబరు కావాల్నా? మీ ఊరు కావాల్నా? మీ ఫోన్ల ఉన్న చుట్టాల నంబర్లు కావాల్నా? ఏదీ వద్దు. వేడికి తెగే తీగకు మీ పేరుతోటి పని లేదు. అది తన పని చేసుకొని ఊకుంటది.

పెద్ద దేశాల్ల కూడ ఇదే ముచ్చట. బ్రిటన్‌ల 2015ల వర్ల్‌పూల్ కంపెనీ తన బట్టలారబెట్టే మిషన్లల్ల నూగు పోయి హీటర్‌కు తగిలి మంటలు లేస్తున్నయని ఒప్పుకొని హెచ్చరిక ఇచ్చింది. 2016 ఆగస్టుల లండన్‌ల ఒక ఎత్తయిన బిల్డింగుల అసొంటి మిషన్ నుంచే మంట లేసి ఇండ్లు కాలిపోయినయి. ఆఖరికి 2019ల మిషన్లను వెనక్కి తీసుకునే దాకా పోయింది. దాన్ని సరిచేసిందేంది? మెకానిక్‌లు ఇంటింటికి పోయి లోపలి భాగాలు మార్చుడు, లేకుంటే మిషనే మార్చుడు. యాప్‌ల మెసేజ్ పంపితే నూగు పోతదా?

మరి యాప్ ఎందుకు? మీరు ఎప్పుడు బట్టలు ఉతుకుతున్నరు, వారానికి ఎన్నిసార్లు, ఇంట్ల ఎంత మంది ఉన్నరు, ఎన్ని దినాలు మిషన్ ఆన్ కాలేదు, అంటే ఇల్లు ఎప్పుడు తాళం వేసి ఉన్నది, ఇవన్నీ ఒక దిక్కు జమ అయ్యేటందుకు దారి అది. ఎవరు దాచుకుంటరో, ఎవలకు ఇస్తరో ఇంగ్లీషుల ఇరవై పేజీల రాసి, కింద "ఒప్పుకుంటున్న" అని ఒక డబ్బా పెడతరు. ఇంటర్ చదివిన నాకే తలకాయ తిరుగుతది, మా అత్తమ్మ ఏం చదువుతది?

"మన దగ్గర దాచేటందుకు ఏమున్నది అన్నా" అని అంటున్నరు కొందరు. దండెం మీద అంగి ఆరేస్తే వాడకట్టుకంతా తెలుస్తది గదా అని కూడ అన్నరు. నిజమే. దండెం మీద పిల్ల బట్టలు కనపడితే పక్కింటి పెద్దమ్మ వచ్చి బాలింతకు కాయం ఇచ్చిపోతది. ఆమె ఎవలో నాకు ఎరుక, ఆమె దండెం కూడ నాకు కనపడుతది. యాప్ వెనుక ఉన్నోని దండెం నాకు కనపడదు. తేడా అదే.

2020 డిసెంబర్ మర్చిపోయిండ్రా? ఫోన్ల అప్పులిచ్చే యాప్‌లు. అప్పు తీసుకున్నప్పుడు కాంటాక్టులకు ఒప్పుకోమన్నరు, జనం ఒప్పుకున్నరు. కిస్తు ఆలస్యమైతే చుట్టాలకు, దోస్తులకు, ఆఫీసోళ్లకు ఫోన్లు కొట్టి ఇజ్జత్ తీసిండ్రు. మన తెలంగాణల మనుషులు పాణాలు తీసుకున్నరు. హైదరాబాద్ పోలీసులు కాల్ సెంటర్ల మీద పడి అరెస్టులు చేసిన దాకా వచ్చింది. ఆ కాంటాక్టుల లిస్టు కూడ మొదట్ల "ఏముంది, నాలుగు నంబర్లు" అన్నట్టే ఉండె.

చట్టం లేదా అంటే ఉన్నది. 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టుల తొమ్మిది మంది జడ్జీలు గోప్యత ప్రాథమిక హక్కు అని తీర్పు ఇచ్చిండ్రు. 2023ల వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది. దాంట్ల ఒక ఉదాహరణ రాసి ఉన్నది: వైద్యం కోసం యాప్ వేసుకున్న మనిషిని కాంటాక్టుల లిస్టు కూడ అడిగితే, ఆమె ఒప్పుకున్నా సరే, వైద్యానికి అవసరమైన దానికే ఆ ఒప్పుకోలు చెల్లుతది, కాంటాక్టులకు చెల్లదు. బట్టలు ఆరబెట్టేటోనికి మాత్రం నా మేనమామ నంబరు ఎందుకు? ఆ షాపుల నేను ఈ మాటే అడిగిన. అన్ని మిషన్లు గట్లనే ఉన్నయి సార్ అన్నడు. గట్ల లేవు, వెనుక వరుసల యాప్ లేని మిషన్ ఉండె, అల్లునితోటి అదే కొనిపించిన. నాలుగు వేలు తక్కువే పడ్డది.

ఇది ఆడోళ్ల మిషన్ ముచ్చట, మన చేన్ల సంగతి కాదు అనుకుంటున్నరేమో. మీ బోరు కాడ స్టార్టర్ చూడుండ్రి. మోటరు లోడు ఎక్కువైతే ఆపే రిలే ఉన్నది. టూ ఫేజు వస్తే ఆపేది ఉన్నది. నీళ్లు తగ్గి మోటరు ఉత్తగ తిరిగితే ఆపేది ఉన్నది. 2018 జనవరి 1 నుంచి 24 గంటల కరెంటు వచ్చినప్పుడు ఆటో స్టార్టర్లు తీసెయ్యమని ఊరూరా చెప్పిండ్రు. ఇప్పుడు సిమ్ కార్డు స్టార్టర్లు వచ్చినయి. రాత్రిపూట పామును తొక్కకుండ, తడి బోర్డు ముట్టకుండ ఇంట్ల నుంచే మోటరు ఆపుకోవచ్చు. దాన్ని నేను తప్పు పట్టను, మిస్డ్ కాల్‌తోటి నడిచే రకం మంచిదే. మా పక్క పొలమాయన మాత్రం యాప్ రకం పెట్టించిండు. లొకేషన్, కాంటాక్టులు ఒప్పుకోకపోతే యాప్ ముందుకే పోదు. నెల తిరగకముందే పంపులు, పైపులు, లోన్లు అని ఫోన్లు మొదలైనయి. ఆ యాప్ నుంచే నంబరు పోయిందని నేను రుజువు చెయ్యలేను. కంపెనోడు పోలేదని రుజువు చెయ్యాలె కదా, ఆయన ఫోనే ఎత్తుతలేడు.

నెదర్లాండ్స్ అని పాలు, పూలు పండించే చిన్న దేశం ఉన్నది. 2009ల ఇంటింటికి స్మార్ట్ మీటరు తప్పనిసరి అనే బిల్లును వాళ్ల పెద్దల సభ ఆపేసింది. మనిషి ఎప్పుడు లేస్తడు, ఎప్పుడు ఇంట్ల ఉండడు అన్నది కరెంటు లెక్క చెప్పేస్తదని. తర్వాత వద్దన్నోళ్లకు వద్దనే హక్కు పెట్టి తెచ్చుకున్నరు. ఆడ అడిగిండ్రు కాబట్టి ఆగింది. మనం అడిగేటప్పటికి డబ్బా గోడకు బిగిచ్చి ఉంటది.

నా లొల్లి ఇదే అన్నలారా. పాణం కాపాడే సామాను రెండు వేలకు దొరుకుతది, దానికి అడ్వర్టైజ్‌మెంట్ లేదు, అది కొనమని చెప్పేటోడు లేడు. కేంద్ర విద్యుత్ భద్రత నిబంధనల్ల లీకేజీ రక్షణ మాట రాసి ఉన్నది, మన పాత ఇండ్లల్ల అది ఎక్కడ ఉన్నదో టార్చి వేసి వెతకాలె. యాభై వేల మిషన్‌కు కిస్తులు కట్టుడు మనకు కష్టమనిపిస్తలేదు, ఎర్తింగ్ గుంతల బొగ్గు, ఉప్పు వేసి ఎండకాలం రెండు బిందెల నీళ్లు పోసుడు కష్టమైతున్నది. మిషన్ ముట్టుకుంటే జిల్లుమంటున్నదని నవ్వుకుంట చెప్పే ఇండ్లు మా ఊర్నే ఉన్నయి. సేఫ్టీ పేరు చెప్పి మన ఇంటి సంగతులు అడిగేటోన్ని తిరిగి అడుగుండ్రి, నెట్ తీసేస్తే నీ సేఫ్టీ ఎంత మిగులుతది అని. జవాబు చెప్పకపోతే బయటికి రాండ్రి.

వచ్చే గ్రామసభల నేను రెండు అడుగుత. తొడుగు పోయిన సర్వీసు వైర్ల లిస్టు రాయాలె. అంగన్‌వాడీ, బడి, పంచాయతీ ఆఫీసు మూడింట్ల ఆర్‌సీసీబీ పెట్టాలె. మీ ఊర్ల కూడ అడుగుండ్రి, ఏం జవాబు వచ్చిందో కింద రాయుండ్రి.

మా వాడకట్టుల నిన్నటికి ఏడు ఇండ్ల ఇనుప తీగలు తీసేసినం. ఇద్దరు ముసలోళ్లు ఒప్పుకోలేదు, "నలభై ఏండ్ల నుంచి ఉన్నది, ఏమైంది" అన్నరు, మళ్ల పోత. బోధన్ నుంచి తెచ్చిన నైలాన్ తాడు కట్టల సగం ఇంకా మా కొట్టంల ఉన్నది. మా ఊరోళ్లు ఎవలకన్న కావాల్నంటే వచ్చి కోసుకపోండ్రి.