కొండెక్కిన ర్యామ్ ధర: పాత కంప్యూటర్లకు గడ్డుకాలం

నానక్‌రామ్‌గూడ: కంప్యూటరు కంపెనీల మేడల నీడన ఉన్న ఈ ఊరిలోనే పాత కంప్యూటరుకు ర్యామ్ వేయించుకోవడం భారమైపోయింది. 2025 మధ్యలో నాలుగైదు వేల రూపాయలకు దొరికిన 16 జీబీ డీడీఆర్-5 ర్యామ్ ఏడాది చివరికల్లా దాదాపు మూడింతల ధర పలికింది. జెరాక్సు, డీటీపీ దుకాణాలవారు, ఫోటో స్టూడియోలవారు, కొడుకును ఇంజనీరింగులో చేర్చిన రైతులు జేబు తడుముకోవలసి వస్తున్నది.

ఇది చాలదన్నట్లు 2025 అక్టోబరు 14తో విండోస్-10కు మైక్రోసాఫ్టు మామూలు మద్దతు ముగిసింది. విండోస్-11కు 4 జీబీ చాలునని కాగితం మీద ఉన్నా, 8 జీబీ లేనిదే పని సాగదు. మూలిగే నక్కమీద తాటిపండు పడ్డట్లయింది.

దుకాణదారులు సరుకు దాచి ధర పెంచారన్న అనుమానం సహజమే. ఉల్లిగడ్డ విషయంలో జనం చూసిందే కదా. కాని ఈసారి అసలు కారణం దూరాన ఉంది. ప్రపంచంలో ఈ మెమొరీలో అత్యధిక భాగం తయారుచేసేవి మూడే కంపెనీలు: కొరియాకు చెందిన శామ్‌సంగ్, ఎస్.కె. హైనిక్స్, అమెరికాకు చెందిన మైక్రాన్. 2023లో ధరలు పడిపోయి నష్టాలు రాగా ఇవి ఉత్పత్తి తగ్గించుకున్నాయి. ఆ వెనుకే కృత్రిమ మేధ యంత్రాలకు గిరాకీ వచ్చిపడింది. ఆ యంత్రాలకు హెచ్.బి.ఎం. అనే ప్రత్యేక మెమొరీ కావాలి. అది ఒక జీబీ తీసే చోట సాధారణ డీడీఆర్-5 మూడు జీబీలు తీయవచ్చునని మైక్రాన్ వారే చెప్పారు. ఉన్న మడి ఒకటే అయినప్పుడు లాభమున్న పైరే వేస్తారు.

1993 జూలైలోనూ మెమొరీ ధరలు ఇలాగే ఎగబాకాయి. అప్పుడు జపాన్‌లో చిప్పులకు వాడే రెజిన్ తయారుచేసే సుమిటోమో కర్మాగారంలో పేలుడు జరిగింది. ఇప్పుడు ఎక్కడా ఏదీ కాలలేదు. పెద్ద కొనుగోలుదారు ముందుగానే వచ్చి సరుకంతా మాట్లాడుకున్నాడు, అంతే.

ఆ పెద్ద కొనుగోలుదారులు ఈ జిల్లాకు కొత్తవారు కారు. 2019 ఆగస్టులో నానక్‌రామ్‌గూడలో 15 వేల మంది పనిచేయగల కార్యాలయం తెరిచిన అమెజాన్, 2020లో రాష్ట్రంలో డేటా కేంద్రాలకు 20,761 కోట్ల రూపాయల పెట్టుబడి ప్రకటించింది. షాబాద్ మండలం చందనవెల్లి, కందుకూరు మండలం మీర్‌ఖాన్‌పేట అందుకు ఎంచుకున్న చోట్లలో ఉన్నాయి. మైక్రాన్‌కు కూడా 2019 నుంచి హైదరాబాదులో కేంద్రం ఉన్నది. అయినా ఆ కంపెనీ 2025 డిసెంబరు 3న, క్రూషియల్ పేరుతో చిల్లర కొనుగోలుదారులకు అమ్మే ర్యామ్‌ను 2026 ఫిబ్రవరి తర్వాత పంపబోమని ప్రకటించింది. గుజరాత్‌లోని సానంద్ కర్మాగారం చిప్పులను కూర్చి పరీక్షించేదే తప్ప మొదటి నుంచి తయారుచేసేది కాదు. కనుక దానివల్ల ధర దిగుతుందనుకోవడం వట్టిమాట.

మరి కొనక తప్పనివారు ఏం చేయాలి? ముందు కంప్యూటరు మూత తీయించి లోపలున్నది డీడీఆర్-3 రకమా, 4 రకమా, 5 రకమా చూసుకోవాలి. ఒక రకం గాడిలో మరొకటి కూర్చోదు. లాప్‌టాప్ ర్యామ్ డెస్క్‌టాప్‌కు పనికిరాదు. రెండో గాడి ఖాళీగా ఉంటే పాతది పారేయకుండా అదే రకం, అదే వేగం గలది మరొకటి చేర్చుకుంటే సగం ఖర్చు మిగులుతుంది. సికింద్రాబాదు పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటరులో వాడిన సరుకూ అమ్ముతారు. అక్కడ కొనేవారు తమ కంప్యూటరు డబ్బా వెంట తీసుకుపోయి, దుకాణంలోనే బిగించి విండోస్‌లో ఉన్న మెమొరీ పరీక్ష నడిపించుకోవడం మంచిది. బస్సులో మోయడం కష్టమే కాని, ఇంటికి వచ్చాక తెర నీలిరంగు తిరిగితే మళ్లీ పోవడం అంతకంటే కష్టం. కొత్తది కొంటే 18 శాతం జి.ఎస్.టి. చూపిన బిల్లు అడిగి తీసుకోవాలి. బిల్లు లేకుండా తగ్గించి ఇస్తామన్నవారి వద్ద వారంటీ అడగడానికి ఆధారం ఉండదు.

అమెరికాలోని ఐడహో రాష్ట్రంలో మైక్రాన్ కడుతున్న కొత్త కర్మాగారం నుంచి 2027లో గాని సరుకు రావడం మొదలు కాదు. అప్పటిదాకా ఆగగలవారు ఆగవచ్చు. పరీక్షల ఫీజులు, దరఖాస్తుల కాలంలో కంప్యూటరు మొరాయిస్తే మీ సేవ కేంద్రం నడిపేవారికి ఆగే వీలు లేదు.