బండి తీసేసి భాగస్వామ్యమా?

విశాఖ మహానగరపాలక సంస్థ 2025 సెప్టెంబరులో ‘ఆపరేషన్ లంగ్స్’ పేరుతో రోడ్ల పక్కనున్న తోపుడు బండ్లను, బడ్డీ కొట్లను, టిఫిన్ సెంటర్లను ఊడ్చేసింది. ఆ తర్వాత రెండు నెలలకు, నవంబరు 14, 15 తేదీల్లో, అదే ఊళ్లో భారత పరిశ్రమల సమాఖ్య (సీఐఐ) భాగస్వామ్య సదస్సు జరిగింది. 13 లక్షల కోట్ల రూపాయలకు పైబడిన పెట్టుబడులకు ఒప్పందాలు కుదిరాయని రాష్ట్ర ప్రభుత్వం ప్రకటించింది. పెట్టుబడులు రావలసిందే. ప్రభుత్వమూ ప్రైవేటు రంగమూ చేతులు కలిపితే నగరంలో చిరువ్యాపారం బతికి బట్టకడుతుందన్న మాటతోనూ మాకు పేచీ లేదు. మా పేచీ అంతా తొలగింపులను సమర్థించుకోవడానికి నగరపాలక యంత్రాంగం ఎత్తుకున్న వాదనతోనే. వీళ్లంతా ఆక్రమణదారులట, ఆక్రమణలను తీసేయడం తమ బాధ్యతట. ఈ వాదన నిజం కాదు. నిజం కాదని చెప్పే కాగితాలన్నీ కార్పొరేషన్ బీరువాల్లోనే ఉన్నాయి.

మొదటి కాగితం చట్టం. వీధి వ్యాపారుల జీవనోపాధి పరిరక్షణ చట్టాన్ని పార్లమెంటు 2014లో చేసింది. ఆ ఏడాది మే 1 నుంచి అది అమల్లో ఉంది. అందులోని మూడో సెక్షన్ ప్రకారం నగరంలోని వీధి వ్యాపారులందరినీ కనీసం అయిదేళ్లకొకసారి సర్వే చేయాలి. ఆ సర్వే పూర్తయి, అందరికీ వెండింగ్ సర్టిఫికెట్లు అందేవరకు ఏ ఒక్కరినీ ఖాళీ చేయించరాదు, మరో చోటికి తరలించరాదు. చట్టంలో ఇంతకంటే స్పష్టంగా రాసిన వాక్యం వెతికినా దొరకదు. దీన్ని పక్కన పెట్టుకుని కార్పొరేషన్ చెబుతున్నది వింటే మిగిలేవి రెండే అవకాశాలు. సర్వే పూర్తి కాలేదంటే ఒక్క బండినీ కదిల్చే అధికారం వారికి లేదు. పూర్తయి సర్టిఫికెట్లు ఇచ్చేశామంటే, ఆ సర్టిఫికెట్ ఉన్న మనిషి కార్పొరేషన్ అనుమతితో వ్యాపారం చేసుకుంటున్న మనిషి. ఏ దారిన వెళ్లినా ‘ఆక్రమణదారు’ అన్న ముద్ర నిలవదు.

సర్వే తర్వాత వచ్చి బండి పెట్టుకున్నవాళ్ల సంగతేమిటని అడగవచ్చు. వాళ్లనూ చట్టం గాలికి వదిలేయలేదు. సర్టిఫికెట్ లేకుండా వ్యాపారం చేస్తున్నవారినైనా పద్దెనిమిదో సెక్షన్ ప్రకారం పథకంలో నిర్దేశించిన పద్ధతిలోనే ఖాళీ చేయించాలి; సర్టిఫికెట్ ఉన్నవారికైతే 30 రోజుల ముందు నోటీసు తప్పనిసరి. సరుకు పట్టుకెళ్తే జాబితా రాసి చేతికివ్వాలి. నిర్ణీత రుసుము కట్టి అడిగితే పాడైపోయే సరుకును ఆ రోజే, మిగతాదాన్ని రెండు పనిదినాల్లో తిరిగి ఇవ్వాలి. జగదాంబ కూడలిలోనో ఆర్టీసీ కాంప్లెక్సు బయటో అరటి గెలలు అమ్ముకునే మనిషికి ఆ ‘ఆ రోజే’ అన్న మాట ఎంత ముఖ్యమో చట్టం రాసినవారికి తెలుసు. మరి నోటీసులు ఎందరికి అందాయి? సరుకు జాబితాలు ఎందరి చేతికిచ్చారు? వార్డులవారీగా లెక్క బయటపెట్టాలని ఈ పత్రిక అడుగుతున్నది. చట్ట ప్రకారమే చేశామంటున్నవారికి ఆ లెక్క చూపడం కష్టం కాకూడదు.

రెండో కాగితం మునిసిపాలిటీ స్వయంగా ఇచ్చే సిఫార్సు లేఖ. 2020 జూన్‌లో మొదలైన పీఎం స్వనిధి పథకంలో హామీ లేకుండా తొలి అప్పుగా పదివేలు, అది తీరిస్తే ఇరవై వేలు, ఆపైన యాభై వేలు ఇస్తూ వచ్చారు. 2025 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గం ఈ పథకాన్ని 2030 మార్చి వరకు పొడిగించి, మొదటి రెండు విడతలను 15 వేలకు, 25 వేలకు పెంచింది. అప్పటికే దేశంలో 68 లక్షల మంది వీధి వ్యాపారులు ఈ అప్పు తీసుకున్నారు. ఇడ్లీ బండి మనిషి నేరుగా బ్యాంకుకు వెళ్లి అడిగితే ఈ అప్పు పుట్టదు. ఆ మనిషి వీధి వ్యాపారేనని పట్టణ స్థానిక సంస్థ ధ్రువీకరించాలి. సర్టిఫికెట్టో గుర్తింపు కార్డో లేకపోతే సిఫార్సు లేఖ రాసివ్వాలి. దాన్ని చూసి బ్యాంకు అప్పిస్తుంది, ఆ అప్పుకు ప్రభుత్వ నిధి పూచీ ఉంటుంది, సక్రమంగా కట్టినవారికి కేంద్రం ఏడాదికి ఏడు శాతం వడ్డీ రాయితీ ఇస్తుంది. చెల్లింపుల కంపెనీ క్యూఆర్ కోడ్ తెచ్చి బండికి అతికిస్తుంది, డిజిటల్ లావాదేవీలకు క్యాష్‌బ్యాక్ వస్తుంది.

ప్రభుత్వమూ ప్రైవేటు సంస్థలూ కలిసి నగరంలోని చిరువ్యాపారికి అండగా నిలవడమంటే ఇదే. ఇందులో ప్రభుత్వం ఉంది, ప్రైవేటు బ్యాంకుంది, టెక్నాలజీ కంపెనీ ఉంది. పొద్దున్నే నాలుగింటికి లేచి పిండి రుబ్బి, పప్పు చట్నీ చేసుకుని వచ్చే మనిషి కూడా ఉంది. కాగితాల మీద మిగిలిపోయిన ఎన్నో భాగస్వామ్యాల మధ్య ఇది పనిచేసి చూపించింది. దీన్ని విరగ్గొట్టింది మార్కెట్టు కాదు, అప్పు ఎగ్గొట్టిన వ్యాపారీ కాదు. సిఫార్సు లేఖ మీద సంతకం చేసిన వ్యవస్థే మళ్లీ వచ్చి బండి ఎత్తుకుపోయింది.

బండి పోయినా వాయిదా ఆగదు. నెల తిరిగేసరికి బ్యాంకు నుంచి మెసేజ్ వస్తుంది. కట్టకపోతే రెండో విడత రాదు, క్రెడిట్ స్కోరు పడిపోతుంది, బ్యాంకు గుమ్మం మళ్లీ మూసుకుపోతుంది. ఆ తర్వాత మిగిలే దారి రోజువారీ వడ్డీల వాళ్లదే. విజయవాడలో అధిక వడ్డీల కాల్‌మనీ బాగోతం 2015లో రాష్ట్రాన్ని ఎలా కుదిపేసిందో పాఠకులకు వేరే చెప్పక్కర్లేదు. జనాన్ని ఆ ఉచ్చులోంచి బయటికి లాగడానికి తెచ్చిన పథకంలో చేర్చి, తిరిగి అందులోకే నెట్టడం కంటే క్రూరమైన పాలన ఉంటుందా? పైగా అప్పు మొండిబకాయిగా మారితే పూచీ పడ్డ ప్రభుత్వ నిధి నుంచే బ్యాంకుకు చెల్లించాలి. ఒక ప్రభుత్వ విభాగం చేసిన పనికి మరో విభాగం జరిమానా కడుతుంది. ఆ డబ్బు మనది.

ఈ గుర్తింపు స్వనిధితో ఆగలేదు. గత రాష్ట్ర ప్రభుత్వం 2020 నవంబరులో ‘జగనన్న తోడు’ పేరుతో చిరువ్యాపారులకు వడ్డీ లేని పదివేల రుణం మొదలుపెట్టింది, వార్డు సచివాలయాల ద్వారా లబ్ధిదారులను గుర్తించింది. ఇప్పటి ప్రభుత్వం 2024లో ప్రకటించిన చిన్న, మధ్యతరహా పరిశ్రమల విధానానికి ‘ఒక కుటుంబం - ఒక పారిశ్రామికవేత్త’ అన్నదే ఆయువుపట్టు. ఇక ఆశీలు, అంటే వ్యాపారుల దగ్గర వసూలు చేసే రోజువారీ రుసుము. ఆంధ్ర పట్టణాల్లో ఈ వసూలు హక్కును వేలం వేసి ప్రైవేటు గుత్తేదారుకు అప్పగించడం ఏనాటి నుంచో ఉన్న పద్ధతి. పొద్దుపోయేలోగా గుత్తేదారు మనిషి వస్తాడు, చీటీ చింపి ఇస్తాడు, డబ్బు తీసుకుంటాడు. పార్టీలు మారినా, పథకాల పేర్లు మారినా ఆ చోట కూర్చున్న మనిషిని ప్రభుత్వాలన్నీ వ్యాపారిగానే లెక్కించాయి. రుణం ఇచ్చేటప్పుడు వ్యాపారి, రుసుము వసూలు చేసేటప్పుడు వ్యాపారి, ప్రచారపు హోర్డింగుపై ఫొటో వేసుకునేటప్పుడు ఔత్సాహిక పారిశ్రామికవేత్త. చోటు ఖాళీ చేయించేటప్పుడు మాత్రం ఆక్రమణదారు! పౌరుల్ని ఇలా అవసరానికొక పేరుతో పిలిచే హక్కు ఏ కార్పొరేషన్‌కూ లేదు.

చోటు లేదన్నది మరో సాకు. వీధి వ్యాపారులకు జనాభాలో రెండున్నర శాతం మేరకు వెండింగ్ జోన్లలో చోటు చూపాలని చట్టం చెబుతున్నది. 2011 జనాభా లెక్కల్లోనే విశాఖ నగరం 17 లక్షలు దాటింది. రెండున్నర శాతం లెక్క వేస్తే 43 వేల మంది వస్తారు. ఆ తర్వాత నగరం ఎంత పెరిగిందో కళ్ల ముందే ఉంది. అంతమందికి చోటు చూపే ప్రణాళిక వేయడం కార్పొరేషన్ పని. పూర్ణా మార్కెట్ చుట్టుపక్కల సందుల్లాగా జనం తమంతట తాము వచ్చి కొనుక్కునే సహజ మార్కెట్లను ఆ ప్రణాళికలో లెక్కలోకి తీసుకోవాలనీ, తరలింపును తప్పనిసరి అయితే తప్ప తలపెట్టరాదనీ చట్టం షెడ్యూళ్లలోనే రాసి ఉంది.

చోటు సంగతే మాట్లాడుకోవాలంటే మరికొన్ని అంకెలు కూడా చూడాలి. రుషికొండలో టీసీఎస్‌కు 21.16 ఎకరాలను, కాపులుప్పాడలో కాగ్నిజెంట్‌కు 21.31 ఎకరాలను ప్రభుత్వం 99 పైసలకే కేటాయించింది. బీచ్ రోడ్డులో హార్బర్ పార్కు దగ్గర లులూ షాపింగ్ మాల్‌కు 13.43 ఎకరాలను 99 ఏళ్ల లీజుకు ఇచ్చింది. ఉద్యోగాలు తెస్తామన్న కంపెనీలకు భూమి ఇవ్వడాన్ని ఈ పత్రిక తప్పుపట్టడం లేదు. ఒక బండికి కావలసింది ఆరడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు. ఆ బండి ఇప్పటికే ఉద్యోగం ఇస్తున్నది, ప్రభుత్వాన్ని ఒక్క ఎకరా అడగకుండా, ఒక కుటుంబానికి, చాలాచోట్ల ఇద్దరు ముగ్గురు పనివాళ్లకు. రేపు రుషికొండ ఐటీ టవర్లలో పనిచేసే వేలమంది కుర్రకారుకు మధ్యాహ్నం అరవై, డెబ్బై రూపాయలకు భోజనం పెట్టేది ఎవరు? టవర్ల గేట్ల దగ్గర భద్రతా సిబ్బందికి, డ్రైవర్లకు, ఊడ్చేవాళ్లకు టీ పోసేది ఎవరు?

అవతలి పక్షం మాటల్లో గట్టివి లేకపోలేదు. కాలిబాట నడిచేవాళ్లదే, ముసలివాళ్లను, పిల్లలను నడిరోడ్డు మీదికి దించే హక్కు ఎవరికీ లేదు. కొన్ని బడ్డీలను స్థానిక పెద్దలు బినామీలుగా పట్టుకుని అద్దెలకిచ్చి తింటున్న మాటా వాస్తవమే. అయితే ఈ రెండు జబ్బులకూ మందు సర్వేలోనే ఉంది, ఎందుకంటే ఎవరికి ఎక్కడ చోటో తేలితే కాలిబాట నడిచేవాళ్లకు మిగులుతుంది, పైగా సర్టిఫికెట్ స్వయంగా వ్యాపారం చేసుకునేవారికే ఇవ్వాలి, దాన్ని అద్దెకివ్వకూడదు.

ఎలా చేయాలో తెలియదనడానికీ లేదు. విశాఖ నుంచి రాత్రి రైలెక్కితే తెల్లారేసరికి చేరిపోయే భువనేశ్వర్‌లో 2007 తర్వాత నగరపాలక సంస్థ, వీధి వ్యాపారుల సంఘాలు, ప్రైవేటు సంస్థలు ఒక్కచోట కూర్చున్నాయి. స్థలం కార్పొరేషన్‌ది, దుకాణాల నిర్మాణంలో ప్రైవేటు పెట్టుబడి, ఎవరికి ఏ చోటన్నది తేల్చడంలో సంఘాల మాట. యాభైకి పైగా వెండింగ్ జోన్లు, సుమారు రెండున్నర వేల మంది వ్యాపారులకు చోటు, అదీ 2014 చట్టం పుట్టకముందే. అక్కడా తర్వాత ఒడుదొడుకులు వచ్చాయి, వ్యాపారుల్ని ఖాళీ చేయించిన సందర్భాలూ ఉన్నాయి. అయినా ఆ పద్ధతిలోని మొదటి మెట్టును విశాఖ ఇప్పటికైనా ఎక్కాలి. నిర్ణయం జరిగే బల్ల దగ్గర వ్యాపారికి కుర్చీ వేయాలి. చట్టం కూడా అదే చెబుతున్నది. టౌన్ వెండింగ్ కమిటీలో కనీసం 40 శాతం మంది వీధి వ్యాపారులు తమలోంచి ఎన్నుకున్న ప్రతినిధులై ఉండాలి, వారిలో మూడో వంతు మహిళలుండాలి. అధికారులు ఎంపిక చేసుకున్న నలుగురు మనుషులతో సంతకాలు పెట్టించుకునే కమిటీ ఆ చట్టం అడిగిన కమిటీ కాదు.

కాబట్టి మున్ముందు చేయవలసింది స్పష్టం. ఎన్నికైన టౌన్ వెండింగ్ కమిటీ కూర్చుని, సర్వే పూర్తిచేసి, సర్టిఫికెట్లిచ్చేదాకా మరొక్క బండి కదలకూడదు. సెప్టెంబరులో తీసేసిన ప్రతి వ్యాపారి పేరు, వారికి చూపిన ప్రత్యామ్నాయ స్థలం కార్పొరేషన్ తన వెబ్‌సైట్‌లో, వార్డు సచివాలయాల గోడల మీద పెట్టాలి. ఇకపై కారుచౌకగానో దీర్ఘకాలిక లీజుకో ప్రభుత్వ భూమి తీసుకునే ప్రతి కంపెనీ, ప్రతి మాల్ తన ప్రహరీ వెంట వీధి వ్యాపారులకు కొంత జాగా, నీటి కుళాయి, కరెంటు కల్పించాలన్న షరతును ఒప్పందంలోనే రాయాలి. బండి పోయి స్వనిధి వాయిదాలు ఆగిపోయినవారి అప్పులను బ్యాంకులు వెంటనే తిరగరాయాలి. ఆ నెలల వడ్డీని, ఖాళీ చేయించమని ఉత్తర్వులిచ్చిన కార్పొరేషనే తన ఖజానా నుంచి కట్టాలి.