నెత్తుటి మాన్యము

మన దేశమున చనిపోయినవానిని పొగడుట సులభము. వాడు బ్రదికియుండగా ఏమి తినెను, ఎక్కడ చదివెను, ఏల ఊరు విడిచెను అని అడుగుట కష్టము. ఏలయన మొదటిదానికి కన్నీరు చాలును. రెండవదానికి లెక్క కావలెను. లెక్క చూడబోయినచో బాకీ యెవరిదో తేలును. ఆ భయముచేతనే కాబోలు, మనము వీరునిపై పూలు చల్లి త్వరత్వరగా ఇంటికి మరలుచుందుము.

2025వ సంవత్సరము మే 9వ తేదీన జమ్మూకాశ్మీరమున నియంత్రణ రేఖకడ పాకిస్తాను కాల్పులలో మురళీనాయక్ అను యువసైనికుడు మరణించెను. ఆతడు శ్రీ సత్యసాయి జిల్లా గోరంట్ల మండలములోని కళ్లి తండావాడు. 2022వరకు ఆ ప్రాంతము అనంతపురము జిల్లాలోనిదే. సుగాలీల బిడ్డ, తల్లిదండ్రులకు ఒక్కడే కొడుకు. మే 11న ప్రభుత్వ లాంఛనములతో అంత్యక్రియలు జరిగెను. మంత్రులు వచ్చిరి. రాష్ట్ర ప్రభుత్వము ఆ కుటుంబమునకు 50 లక్షల రూపాయలు, ఐదెకరముల భూమి, ఇంటిస్థలము, తండ్రికి ఉద్యోగము ప్రకటించెను. ఉపముఖ్యమంత్రి తన సొంత ధనమునుండి మరి 25 లక్షలిచ్చెదననెను. ఇవన్నియు మంచి పనులే. వీనిని తప్పుపట్టుట నా యుద్దేశము కాదు. నా ప్రశ్న యొక్కటే: ఇన్ని దానములు ఏల అవసరమయ్యెను?

జవాబు కావలెనన్నచో శవపేటిక యొద్దనుండి వెనుకకు నడచి, ఆ జీవితమును మొదటినుండి చూడవలెను.

ఆ నేల అందరెరిగినదే. నైరృతి ఋతుపవనము పడమటి కనుమలకడ తన నీటిని కుమ్మరించి, వట్టి గాలియై ఈ పీఠభూమికి చేరును. ఈశాన్య ఋతుపవనము తూర్పుతీరమున కురిసి, ఇచ్చటికి వచ్చునప్పటికి అలసిపోవును. రెండు వానల నడుమ చిక్కిన ఈ సీమకు ఏటికి సగటున 550 మిల్లీమీటర్లు మాత్రమే దక్కును. వేరుసెనగ విత్తిన రైతు ఆకాశమువంక చూచుచు కూర్చుండును. ఆకాశము ముఖము చాటువేసినచో మూట కట్టుకొని రైలెక్కును. మురళీనాయకుని తల్లిదండ్రులును అట్లే బొంబాయి చేరి కూలి చేసికొని బ్రదికిరి. కొడుకు చదువు సోమందేపల్లిలో సాగెను. బిడ్డ ఒక చోటను, కన్నవారు వేరొక చోటను! కరవుసీమలో సంసారమనగా నిదియే.

సుగాలీలకు సైన్యము క్రొత్త గాదు. వీరి పూర్వులు ఎద్దులపై ధాన్యమును, ఉప్పును మోయుచు దేశమెల్ల తిరిగిరి. 1791–92లో కారన్‌వాలిసు టిప్పూపై దండెత్తినపుడు ఆతని సేనకు తిండిగింజలు చేరవేసినది ఈ బంజారాలే. దండులు వీరు తెచ్చిన గింజలు తిని యుద్ధములు గెలిచినవి. రైళ్లు వచ్చిన వెనుక వీరి యెద్దులతో పనిలేక పోయెను. నాడు సేనకు గింజలు మోసిన జాతి, నేడు బిడ్డనే పంపినది.

“ఆతడిష్టపడియే చేరెను గదా!” అని కొందరందురు. నిజమే. చిన్ననాటినుండియు సైన్యమన్న ఆతనికి మక్కువయని కన్నవారే చెప్పిరి. ఆ మక్కువను నేను తక్కువ చేయను. కాని దేశాభిమానము గల బీదవానికి దేశము చేయు బేరము ఎట్టిదో చూడవలదా? మురళీనాయక్ చేరినది అగ్నివీరుడుగా. 2022 జూనులో ప్రకటించిన అగ్నిపథ్ పథకము ప్రకారము కొలువు శిక్షణతో కలిపి నాలుగేండ్లు మాత్రమే. పిదప నూటికి ఇరువదియైదుగురికి మించకుండ నిలుపుకొందురు; తక్కినవారు కొంత సొమ్ముతో ఇంటికి పోవలసినదే. పింఛను లేదు, మాజీ సైనికుడను హోదాయు లేదు.

మరణించినచో 48 లక్షల బీమా, 44 లక్షల పరిహారము, మిగిలిన కాలపు జీతము, సేవానిధి యిత్తురు. ఇది చిన్న మొత్తము కాదని ఒప్పుకొందును. కాని అదే కందకములో, అదే గుండు తగిలి, ప్రక్కనున్న శాశ్వత సైనికుడు కూలినచో, ఆతనివారికి బీమాయు పరిహారమును గాక బ్రదికినంతకాలము ఉదార కుటుంబ పింఛను వచ్చును. పెండ్లి కానివాడైనచో తల్లిదండ్రులకు వచ్చును. అగ్నివీరుని తల్లిదండ్రులకు రాదు. గుండు ఇద్దరి నొప్పంద పత్రములు చదివి తగిలినదా? శవముపై కప్పిన జెండా ఒక్కటే. దాని వెనుక ధర్మములు మాత్రము రెండు! 2025లోనే ఆ తల్లి ఈ భేదము న్యాయము కాదని బొంబాయి హైకోర్టు గడప త్రొక్కవలసి వచ్చెను. కొడుకును కోల్పోయిన తల్లి న్యాయవాది చుట్టు తిరుగుట ఆమెకు అవమానమా, మనకా?

“సైన్యము పడుచుదనముతో నుండవలెను, పింఛనుల భారము మోయలేకున్నాము” అని ప్రభుత్వపక్షమువారి వాదము. 2025–26 రక్షణ బడ్జెటు 6.81 లక్షల కోట్లలో 1.60 లక్షల కోట్లకు పైగా పింఛనులకే పోయినమాట వాస్తవము. ఆ వాదమును పూర్తిగ నంగీకరించినను, దానికిని ఈ విషయమునకును సంబంధమేమి? ఆ భారము బ్రదికి విరమించిన లక్షలమందిది. యుద్ధమున పడినవారు కొలదిమంది. వారి తల్లిదండ్రులకు పింఛనిచ్చినంత మాత్రమున ఖజానా వట్టిపోదు. సైన్యము ముసలిదియు గాదు. పొదుపు చేయుటకు దేశమంతటిలో చచ్చినవాని యిల్లే దొరకెనా?

పరపాలనలో మనవారికి పేరైనను దక్కలేదు. మొదటి ప్రపంచయుద్ధమున మెసపొటేమియాలో చచ్చినవారికై 1929లో ఆవిష్కరించిన బస్రా స్మారకముపై భారతీయాధికారుల పేళ్లు చెక్కి, సామాన్య సిపాయిలను వారి పటాలముల క్రింద అంకెలతో సరిపుచ్చిరి. ఇట్టి పక్షపాతము జరిగినదని కామన్‌వెల్తు యుద్ధసమాధుల సంఘమే 2021లో ఒప్పుకొని క్షమాపణ చెప్పెను. తెల్లదొరలు సిపాయిల నంకెలు చేసిరని మనము నేటికిని మండిపడుదుము. మంచిదే. కాని మనము చేసినదేమి? పేరు వ్రాసితిమి, హక్కు మాత్రము కొట్టివేసితిమి.

ఇక మన పూర్వుల రీతి చూడుడు. మురళీనాయక్ పుట్టిన జిల్లాలోనే, అమరాపురము మండలమున, హేమావతి కలదు. నాడు దానిపేరు హెంజేరు. వేయేండ్ల క్రిందట నొళంబ పల్లవుల రాజధాని. ఈ సీమలోను, చేరువ కన్నడదేశములోను పొలిమేరలయందు వీరగల్లులు నిలిచియున్నవి. పసులమందను కాచుచు పడినవాడును, ఊరికొరకు పోరి పడినవాడును అందు శిలయైయున్నాడు. ఆ కాలపు శాసనములలో ‘నెత్తరుగొడగె’ అను మాట కనబడును. నెత్తురు చిందించినవాని కుటుంబమునకు పన్ను లేకుండ ఇచ్చిన మాన్యమని దాని యర్థము. రాజులు ధర్మాత్ములని నేననను. కాని వారొక సంగతి యెరుగుదురు: వీరుని పొగడ్త శిలపై చెక్కి, వాని బిడ్డలను బిచ్చమునకు పంపినచో, మరునాడు మంద కాచువాడుండడు. అందుచే ఇచ్చినదానిని రాతిపై వ్రాయించిరి.

నేడు రాష్ట్ర ప్రభుత్వమిచ్చెదనన్న ఐదెకరములును ఆ నెత్తుటి మాన్యమువంటిదే యనవచ్చును. కాని ఒక భేదమున్నది. ఇది ఈ వీరుని పేరు దేశమంతట మ్రోగినందున దొరకిన దయ. రేపు ఏ పత్రికయు వ్రాయని రాత్రి, ఏ మంత్రియు రాలేని తండావాడు పడినచో, వాని తల్లికి ఈ ఐదెకరములున్నవా? దయ ముఖము చూచి వచ్చును. హక్కు ముఖము చూడక వచ్చును. ప్రజాప్రభుత్వమునకు తగినది రెండవది.

చదువరులారా! మీ యూరనో, మీ ప్రక్కయూరనో సైన్యమునకు పోయిన పిల్లవాడొక్కడైన నుండును. వాడు మరణించువరకు ఆగకుడు. వాని తల్లిదండ్రులు ఎట్లు బ్రదుకుచున్నారో, ఏ యొప్పందముపై వాడు పోయెనో ఇప్పుడే అడిగి తెలిసికొనుడు. మీ ప్రతినిధి ఓట్లకు వచ్చినపుడు ఆ పత్రము చూపి, యుద్ధమున పడిన ప్రతి సైనికుని యింటికిని ఒకే పింఛను చట్టము చేయుదువా యని నిలదీయుడు. అవుననువరకు వదలకుడు.

కళ్లి తండాకు మనము పూలు పంపితిమి. పూలు మరునాటికి వాడినవి. బాకీ మాత్రము వాడలేదు.