చెవుల్లో దూది



ఈ మధ్య మా బహదూర్‌పల్లిలో ఫోన్ నుంచి ఫోన్‌కి ఒక మెసేజ్ తిరిగింది. ఫలానా మనిషి దీన్ వదిలేసి వీడియోలు పెడుతున్నాడు, ఎవరూ చూడొద్దు, వస్తే వెంటనే డిలీట్ చేయండి, పిల్లల ఫోన్లు చెక్ చేయండి, ఈ మాట పదిమందికి పంపి సవాబ్ కమాయించండి అని. చివరిదాకా చదివాను. ఆ మనిషి ఏమన్నాడో అందులో ఒక్క ముక్క లేదు. అతనికి జవాబ్ లేదు. వినొద్దు అన్న హుకుం ఒక్కటే ఉంది.

అంతకు రెండు వారాల ముందు అవే ఫోన్లలో ఇంకో వీడియో తిరిగింది. ఒక నౌముస్లిం తన పాత మజ్హబ్‌ని ఎందుకు వదిలాడో గంటసేపు చెప్పాడు. కింద అందరూ మాషాఅల్లా, సుబ్హానల్లా. నీకు సంస్కృతం వచ్చా, వేదాలు చదివి వదిలావా, చదవకుండానే వదిలావా అని అతన్ని ఎవరూ అడగలేదు. పైసల కోసం వచ్చావా, పిల్ల కోసం వచ్చావా అని కూడా అడగలేదు. అడగకూడదు కూడా. ఒక మనిషి తన దిల్ మాట చెబుతుంటే ముందు వినాలి.

నా ఇల్జామ్ ఇదే. వచ్చినవాడి మాట మనకి గవాహీ. పోయినవాడి మాట ఫిత్నా. తీసుకునేటప్పుడు ఒక తూకం రాయి, ఇచ్చేటప్పుడు ఇంకో రాయి. ఇట్లాంటి తూకం తూచేవాళ్ళ మీద ఖురాన్‌లో ఒక సూరానే ఉంది. ముతఫ్ఫిఫీన్ అంటారు. ఆ సూరా కిరాణా దుకాణాలకి మాత్రమే వచ్చిందని అనుకుంటున్నామా?

ఇప్పుడు సీరత్‌లోకి వెళ్దాం. తుఫైల్ బిన్ అమ్ర్ దాస్తాన్ మన పిల్లలకి మదర్సాలోనే చెబుతారు. దౌస్ ఖబీలా సర్దార్, పేరున్న షాయర్. మక్కాకి వస్తే ఖురైష్ పెద్దలు ఎదురొచ్చి భయపెట్టారు. ముహమ్మద్ (స) మాట వినొద్దు, అది జాదూ, తండ్రినీ కొడుకునీ విడదీస్తుంది అన్నారు. తుఫైల్ ఎంత భయపడ్డాడంటే, కాబా దగ్గరికి వెళ్లేటప్పుడు చెవుల్లో దూది కుక్కుకున్నాడు. అయినా కొన్ని మాటలు చెవిన పడ్డాయి. అప్పుడు తనని తానే తిట్టుకున్నాడు: నేను అఖల్ ఉన్నవాణ్ణి, షాయర్‌ని, మంచీ చెడూ తెలిసినవాణ్ణి, వింటే నాకేం పోతుంది? వెనకాలే ఇంటిదాకా వెళ్లి పూర్తిగా విన్నాడు. కల్మా చదివాడు. హజ్రత్ అబూ హురైరా (రజి) కూడా ఆ దౌస్ ఖబీలా వారే. ఆ రోజు ఆ దూది చెవుల్లోనే ఉండి ఉంటే?

ఈ దాస్తాన్ చెప్పి కళ్ళు తుడుచుకునే మనమే, ఇంటికొచ్చి మన పిల్లల చెవుల్లో దూది పెడుతున్నాం. దాస్తాన్‌లో దూది పెట్టించింది ఎవరో మర్చిపోయాం. ఖురైష్!

ఇంకొకటి. ముసల్మాన్లు హిజ్రత్ చేసి హబ్షాకి వెళ్తే, వాళ్ళని వెనక్కి తేవడానికి ఖురైష్ తోఫాలిచ్చి మనుషుల్ని పంపారు. వాళ్ళు బాద్షా దర్బారులో వేసిన ఎత్తు ఏమిటి? ముందే సర్దార్లకి తోఫాలు పంచి, వీళ్ళ మాట వినకుండానే మాకు అప్పగించేలా చూడండి అన్నారు. నజాషీ ఒప్పుకోలేదు. రెండు వైపులా వినకుండా ఇవ్వను అన్నాడు. అప్పుడు హజ్రత్ జాఫర్ (రజి) నిలబడి, మేం ఇంతకుముందు ఎట్లా బతికామో, పూర్వీకుల దారిలో ఏం తప్పు ఉందో చెప్పారు. ఆలోచించండి. అది ఒక పాత దీన్ వదిలినవాడు ఆ దీన్ మీద చేసిన తన్ఖీద్. దర్బారులో, పాత బిరాదరీ ముందు. సహాబాలలో చాలామంది ఏదో ఒకటి వదిలి వచ్చినవాళ్ళే. వదిలినవాడి మాట వినకూడదు అన్నదే ఉసూల్ అయితే, మన తారీఖ్ మొదటి పేజీలోనే ఆగిపోయేది.

ఇక సూరా హామీమ్ సజ్దా 26వ ఆయత్ తీసి చూడండి. ఈ ఖురాన్ వినకండి, చదువుతుంటే గోల చేయండి, అట్లయితే గెలుస్తాం అనే తర్కీబ్ ఎవరిదని ఉంది అక్కడ? మున్కిర్లది. వినకపోవడం, గోల చేయడం, ఈ రెండూ కలిపి బాతిల్ వాళ్ళ హత్యార్‌గా ఖురాన్ చూపించింది. ఇంకో సంగతి. తన మీద దుష్మన్లు వేసిన ఇల్జామ్‌లని ఖురాన్ దాచలేదు. షాయర్ అన్నారని, జాదూగర్ అన్నారని, పాతకాలం కథలు అన్నారని రాసి పెట్టి మరీ జవాబ్ ఇచ్చింది. మనం హిఫ్జ్ చేసే కితాబ్‌లోనే మన ముఖాలిఫ్‌ల మాట ఉంది. హాఫిజ్ సాబ్ తరావీహ్‌లో దాన్ని కూడా చదువుతారు.

మన దగ్గర దూది ఎట్లా పెడతారో చెప్తాను. మొదట పేరు పెడతారు: ముర్తద్, మునాఫిక్, ఏజెంట్. పేరు పడ్డాక మాట వినక్కర్లేదు. తర్వాత నీయత్ తవ్వుతారు: షరాబ్ తాగాలని పోయాడు, ఎవరో డాలర్లు ఇచ్చారు. తర్వాత ఇల్మ్ అడుగుతారు: నీకు అరబీ వచ్చా? రాకపోతే నోర్ముయ్. వస్తే ఇంకా డేంజర్, దగ్గరికి పోవద్దు. ఆఖరికి ఖాందాన్ మీద పడతారు. ఇది అన్నిటికంటే నీచం. నాకు తెలిసిన ఒక ఇంట్లో కొడుకు నమాజ్ మానేశాడు, తనకి యకీన్ లేదని అన్నాడు. ఎవర్నీ తిట్టలేదు, వీడియో పెట్టలేదు. రెండేళ్లలో అతని చెల్లెలి రిష్తా రెండుసార్లు మాట దాకా వచ్చి ఆగింది. ఆ పిల్ల ఐదు పూటలా నమాజ్ చదువుతుంది. చివరికి తనే అన్నది: "భాయ్‌జాన్, నువ్వు ఏమన్నా నమ్ము, జుమ్మాకి మాత్రం వచ్చి నిలబడు."

ఇప్పుడు అతను వచ్చి నిలబడుతున్నాడు. మొహల్లా ఖుష్. నేను అడుగుతున్నా: మనం ఏం సాధించాం? లోపల యకీన్ లేకుండా బయట సఫ్‌లో నిలబడేవాణ్ణి ఏమంటారు? సూరా నిసాలో దోజఖ్‌లో అన్నిటికంటే కింది దర్జా ఎవరికని చెప్పారు? సచ్ చెప్పినవాణ్ణి భయపెట్టి మన చేతులతో మనమే మునాఫిక్‌ని తయారు చేశాం. పైగా ఖౌమ్‌ని కాపాడాం అంటున్నాం.

ఇది మన ఒక్కళ్ళ బీమారీ కాదు. యెహోవాసాక్షులు తమ సంఘం వదిలి విమర్శించేవాళ్ళ రాతలు ముట్టొద్దని చెబుతారు. చర్చిలో కూడా వచ్చినవాడి సాక్ష్యానికి మైకు ఉంటుంది, పోయినవాడికి ఉండదు. ఇక గోరా గారు, గోపరాజు రామచంద్రరావు, బ్రాహ్మణ ఇంట్లో పుట్టి జంధ్యం వదిలి ఇంటికి దూరమయ్యారు. నాస్తికత్వం రాసినందుకు 1933లో కాకినాడ కాలేజీలో నౌకరీ పోయింది. 1940లో కృష్ణా జిల్లా ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టారు. ఆ గోరానే గాంధీజీ 1944లో సేవాగ్రామ్‌లో కూర్చోబెట్టుకుని మాట్లాడారు, ఆ తర్వాత కూడా మాట్లాడారు. గాంధీజీ రామనామం పోలేదు. గోరా నాస్తికత్వమూ పోలేదు. ఎవరి ఈమాన్ వాళ్ళ దగ్గరే ఉంది, దోస్తీ మాత్రం మిగిలింది.

మన షహర్‌లో ఏం జరిగింది? 2007 ఆగస్టు 9న హైదరాబాద్ ప్రెస్ క్లబ్‌లో తస్లీమా నస్రీన్ 'శోధ్' నవల తెలుగు అనువాదం ఆవిష్కరణ. మజ్లిస్ ఎమ్మెల్యేలు ముగ్గురు మనుషులతో వచ్చి మీద పడ్డారు. పూలగుత్తులు, కుర్చీలు, చేతికి దొరికింది విసిరారు. తర్వాత పోలీసులు ఆమె మీద కూడా కేసు పెట్టారు. ఆ నవల దీన్ గురించి కాదు. పెళ్ళాం మీద షక్ పడ్డ ఒక మొగుడి కథ. విసిరినవాళ్ళలో ఎంతమంది చదివి ఉంటారు? ఆమె అన్నది గలత్ అయితే అక్కడ మైకు ఉంది, పత్రికలవాళ్ళు ఉన్నారు, దలీల్ చెప్పొచ్చు. కుర్చీ దలీల్ కాదు. పదేళ్ల తర్వాత, 2017 మార్చి 16 రాత్రి, కోయంబత్తూరులో నాస్తికుడిగా మారిన ఫారూఖ్‌ని నరికి చంపారు. 31 ఏళ్ళు. వినొద్దు అనే మాట ముందుకి పోతే ఎక్కడిదాకా పోతుందో చూశారు కదా.

నాకు వచ్చే జవాబ్‌లు తెలుసు. ఒక్కొక్కటి తీసుకుందాం.

ఆయత్‌లని మజాక్ చేసేవాళ్ళతో కూర్చోవద్దని సూరా నిసా 140లో ఉంది కదా అంటారు. ఉంది. కానీ పూర్తిగా చదవండి. వాళ్ళు వేరే మాటలోకి వెళ్లేదాకా కూర్చోవద్దని ఉంది. మజాక్ జరిగే మజ్లిస్ నుంచి లేవమని ఉంది, మనిషిని ఉమ్రంతా వెలివేయమని లేదు. మజాక్ వేరు, సవాల్ వేరు. గాలి ఇచ్చేవాడి దగ్గర్నుంచి లేచి రండి. సవాల్ అడిగేవాడి దగ్గర కూర్చోండి.

పిల్లల ఈమాన్ కచ్చా ఉంటుంది, వింటే పోతుంది అంటారు. మహీంద్రా యూనివర్సిటీ మన ఊళ్లోనే ఉంది. దేశం నలుమూలల నుంచి వచ్చిన పిల్లలు మన రోడ్ల మీద తిరుగుతున్నారు. మన పిల్లల చేతిలో ఫోన్ ఉంది. వాళ్ళు వింటారు. ఇవాళ కాకపోతే రేపు, మన ముందు కాకపోతే దుప్పటి కింద. ఇంట్లో విని జవాబ్ తెలుసుకోవాలా, చాటుగా విని జవాబ్ లేకుండా పెరగాలా, అదొక్కటే మన చేతిలో ఉన్నది.

మూడోది గట్టి మాట. దీన్ వదిలినవాణ్ణి టీవీ స్టూడియోలో కూర్చోబెట్టి మన మీద నఫ్రత్ పెంచుతున్నారు, మన ఇళ్ల మీదికి బుల్డోజర్లు వచ్చే కాలంలో ఇది అవసరమా అంటారు. ఆ జుల్మ్ సచ్. దాన్ని కాదనను. కానీ ఆ మనిషి మొదట సవాల్ అడిగింది ఎవర్ని? మౌలానా సాబ్‌ని, అబ్బాజాన్‌ని. మనం దర్వాజా మూసేస్తే, అతని కోసం కుర్చీ వేసి పెట్టింది ఆ స్టూడియో ఒక్కటే. పోయినవాడు చెప్పేదంతా సచ్ అనడం లేదు నేను. కోపంలో, దర్ద్‌లో చెప్పేది ఉంటుంది, ఝూట్ కూడా ఉంటుంది. ఝూట్‌ని ఝూట్ అని చూపించాలన్నా ముందు వినాలి.

మన పాత ఉలేమాకి ఈ భయం లేదు. ఇబ్న్ రావందీ ముతజిలాని వదిలి వాళ్ళ మీద కితాబ్ రాశాడు. ఆ కితాబ్ ఇవాళ దొరకదు. కానీ అందులోని చాలా మాటలు మనకి తెలుసు. ఎట్లా? ముతజిలీ ఆలిమ్ ఖయ్యాత్ అతనికి జవాబ్‌గా కితాబుల్ ఇంతిసార్ రాస్తూ అతని మాటల్ని ఎత్తి రాశాడు కాబట్టి. ఇమామ్ అబుల్ హసన్ అష్అరీ సుమారు 40 ఏళ్ళ దాకా ముతజిలీయే. వదిలి వచ్చి పాత ఉస్తాద్‌ల మీద తన్ఖీద్ చేశారు. ఇవాళ కోట్లమంది సున్నీల అఖీదా ఆయన పేరుతో ఉంది. ముతజిలా బిడ్డలు ఆయన్ని ముర్తద్‌లా చూసి చెవులు మూసుకోవాలి అంటే మీరు ఒప్పుకుంటారా?

ఇక కానూన్. అజాన్‌కి, హిజాబ్‌కి మనం ఆర్టికల్ 25 చూపిస్తాం. అందులో మొదట ఉన్నది అంతరాత్మ స్వేచ్ఛ. ఉత్తరప్రదేశ్‌లో 2021 మత మార్పిడి చట్టం పాత మతంలోకి తిరిగి వెళ్తే అది మార్పిడే కాదని అంటుంది. ఇది జుల్మ్, రావడానికి ఒక కానూన్, పోవడానికి ఒక కానూనా అని మనం గొంతు చించుకుంటున్నాం. నిజమే. మరి మన మొహల్లా కానూన్ దానికి అద్దంలో బొమ్మ కాదా?

నేను కల్మా చదివే మనిషిని. అల్లా కలాం ఒక వీడియోకి కూలిపోతుందని నేను నమ్మను. నమ్మేవాళ్ళు తమ ఈమాన్ గురించి ఆలోచించుకోవాలి. అడిగేది చిన్నదే. దీన్ వదిలినవాడి ఇంటివాళ్ళకి సలాం ఆపకండి, రిష్తాలు తెంపకండి. జవాబ్ ఇచ్చే మౌలానా ముందు అతని మాట పూర్తిగా విని, అతను ఒప్పుకునేటట్టు దాన్ని చెప్పి, అప్పుడు జవాబ్ ఇవ్వాలి. మస్జిద్‌లో నెలకి ఒక్క ఇషా తర్వాత సవాల్-జవాబ్ పెట్టండి. పేరు రాయకుండా చిట్టీ మీద సవాల్ రాసి వేసేటట్టు ఉండాలి. ఆడవాళ్ళ చిట్టీలు కూడా రావాలి.

ఈ జుమ్మాకి మీ ఇమామ్ సాబ్‌ని అదబ్‌తో అడిగి చూడండి. ఆయన ఏమన్నారో నాకు రాయండి.

ఖుదా హాఫిజ్.